తోట పాఠం: గుడి వెనక గన్నేరు

మన గుడి వెనక కంచె వెంబడి ఎర్రగా, తెల్లగా, లేత గులాబీగా పూసే పొదలను చూసి కొత్తగా వచ్చిన కుటుంబాలు ఒకటే మాట అడుగుతాయి: "అవి గన్నేరు చెట్లేనా? ఇక్కడ కూడా పెరుగుతాయా?" పోయిన ఏడాది వినాయక చవితి తర్వాత మాత్రం ప్రశ్న మారింది: "ఆ చెట్లు ఇంకా ఎందుకు ఉంచారు?" మళ్ళీ చవితి దగ్గరపడుతోంది కాబట్టి ఈ సంచికలో తోట పాఠం గన్నేరు గురించే పెట్టుకున్నాం. ఎలా పెంచాలో ఎంత చెప్పాలో, ఎక్కడ చేయి వెనక్కి తీసుకోవాలో కూడా అంతే చెప్పాలి.

ముందు ఆ రోజు ఏం జరిగిందో రాస్తాం. చాలామంది సగం సగం విన్నారు, విన్నదానికి కొంత కలిసింది కూడా. ఏకవింశతి పత్ర పూజలో ఇరవై ఒక్క పత్రాల్లో కరవీర పత్రం ఒకటి. కరవీరం అంటే గన్నేరే. పిల్లలకు పత్రి పేర్లు నేర్పుదామని మా తోట బృందమే ఒక బల్ల వేసి, మారేడు, మామిడి, జాజి, దానిమ్మ, గన్నేరు ఆకులు కాగితపు పళ్ళేల్లో పెట్టి, ముందు పేర్లు రాసింది. బల్ల ఎత్తు పెద్ద పిల్లలకు సరిపోయేలా పెట్టాం. రెండేళ్ళు నిండని బాబుకి కూడా అందుతుందని మాకు తట్టలేదు. వాళ్ళ నాయనమ్మ గారు తిరిగి చూసేసరికి వాడి నోట్లో ఆకు ఉంది. ఆమె వెంటనే వేలు పెట్టి తీసేశారు, కానీ ఆకు చివర లేదు. కింద పడిందో, మింగాడో ఎవరికీ తెలియదు. పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చేస్తే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళమన్నారు. గుండె కొట్టుకునే తీరు చూస్తూ ఆ రాత్రంతా ఆస్పత్రిలో ఉంచుకున్నారు. మర్నాడు బాబు నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి ఆ తల్లిదండ్రులు ఎలా గడిపారో మేము ఊహించగలం తప్ప రాయలేం. పొరపాటు పూర్తిగా మాది. ఆ కుటుంబం మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

తర్వాతి సమావేశంలో చెట్లన్నీ పీకించేద్దామని కొందరన్నారు. ఇండియా నుంచి వచ్చి ఉన్న ఒక పెద్దావిడ లేచి, "మా పెరట్లో నూతి గట్టు పక్కనే తరతరాలుగా ఉంది, ఎవరికేమైంది?" అన్నారు. ఆవిడ చెప్పింది నిజమే. కానీ ఆ పెరట్లో ఉన్న ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ మాటలు వచ్చేలోపే "గన్నేరు నోట్లో పెట్టకు" అనే మాట చెవిన పడి ఉంటుంది. పశువు కూడా దాన్ని వదిలేసి పక్క గడ్డి మేస్తుంది. మన పిల్లలకు ఇక్కడ ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెట్టును తెచ్చుకున్నాం, దానితో పాటు రావలసిన హెచ్చరికను అక్కడే వదిలేశాం. చెట్లు ఉంచాలనీ, హెచ్చరిక కూడా తెచ్చుకోవాలనీ చివరికి తీర్మానించాం. ఈ వ్యాసం అందులో భాగమే.

ఏ గన్నేరు?

తెలుగులో గన్నేరు అనే పేరు నాలుగు మొక్కలకు ఉంది, గందరగోళం అక్కడే మొదలవుతుంది. మనం మాట్లాడుతున్నది ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు అని పిలిచే నీరియం ఓలియాండర్. నర్సరీల్లో ఓలియాండర్ అంటే చాలు. కణుపు దగ్గర ఆకులు మూడేసి చొప్పున, పొడుగ్గా, దళసరిగా, కత్తి మొనలా ఉంటాయి. ఒంటి రేకువీ, ముద్ద పూలవీ కూడా ఉన్నాయి. పచ్చ గన్నేరు వేరే మొక్క. దాని పుట్టుక అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల్లో. పూలు గంటల్లా, ఆకులు ఇంకా సన్నగా ఉంటాయి. "గన్నేరు పప్పు" అనగానే మన పెద్దలు ఉలిక్కిపడేది దాని గింజ గురించే. అదీ గుండె మీద పనిచేసే విషమే, దాన్ని గుడిలో గానీ ఇంట్లో గానీ పెంచవద్దనే మా సలహా. బిళ్ళ గన్నేరు మడగాస్కర్ మొక్క, ఇక్కడి నర్సరీల్లో విన్కా పేరుతో ట్రేలకు ట్రేలు దొరుకుతుంది. క్యాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ దాని నుంచే వచ్చాయి. మందు వచ్చిందని ఆకు నమలకూడదు, అదీ తినే మొక్క కాదు. ఇక దేవగన్నేరు అంటే ప్లుమేరియా. నాలుగూ ఒకే కుటుంబానికి చెందినవి, తుంచితే పాలో జిగురు రసమో కారే జాతి.

మధ్యధరా సముద్ర తీరాల నుంచి పశ్చిమాసియా మీదుగా మన దేశం, దక్షిణ చైనా దాకా ఎర్ర, తెల్ల గన్నేరు సహజంగా పెరుగుతుంది. కాబట్టి గ్రీసు, ఇటలీ వాళ్ళు తమదంటారు, మనం మనదంటాం, ఇద్దరిదీ నిజమే. పాంపే ఊరి గోడల మీది తోట చిత్రాల్లో గన్నేరు పూలు ఉన్నాయి. ఆ ఊరు క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో పూడిపోయింది కాబట్టి బొమ్మలు అంతకు ముందువే. మనవైపు కొల్హాపురానికి కరవీరమనే పేరు ఉంది.

మధ్యధరా దేశాల్లో ఈ మొక్క అడవిలో ఎక్కడ ఉంటుందో తెలిస్తే పెంపకం సగం తెలిసినట్టే. వేసవిలో ఎండిపోయి, చలికాలం వానలకు పొంగే వాగుల పక్కన రాళ్ళలో ఉంటుంది. అంటే దానికి రెండూ అలవాటే: నాలుగు నెలలు చుక్క వాన లేకపోవడం, ఒక్కసారిగా నీళ్ళలో మునిగిపోవడం. పైన ఎండ మాడుస్తున్నా వేళ్ళు లోతుగా దిగి తడిని వెతుక్కుంటాయి. మన హ్యూస్టన్ వాతావరణం గురించి ఇంతకంటే బాగా ఎవరైనా రాయగలరా? ఆగస్టులో నెర్రెలు, హరికేన్ వస్తే మోకాలి లోతు నీళ్ళు.

మనకు దగ్గర్లోనే దీనికి రుజువు ఉంది. గాల్వెస్టన్‌కి గన్నేరు 1841లో వచ్చింది. జోసెఫ్ ఆస్టర్‌మన్ అనే వ్యాపారి జమైకా నుంచి తన ఓడలో తొట్లలో తెచ్చి, భార్యకూ ఆమె సోదరుడి భార్యకూ ఇచ్చాడు. అక్కడి నుంచి కొమ్మలు చేతులు మారుతూ ఊరంతా పాకాయి. 1900 తుఫానులో ఆ ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, వేలమంది చనిపోయారు. తర్వాత సముద్రపు గోడ కట్టి, ఊరి నేలను ఇసుకతో ఎత్తు చేసినప్పుడు పాత చెట్లు చాలావరకు పోయాయి. ఆ ఉప్పు ఇసుకలో మళ్ళీ పచ్చదనం తేవడానికి అక్కడి మహిళా సంఘం ఎంచి నాటినవాటిలో గన్నేరు ముఖ్యమైనది. 1967లో గన్నేరు కోసమే ఒక సంఘం కూడా అక్కడ పుట్టింది. వసంతంలో ఒక శనివారం పిల్లల్ని తీసుకుని వెళ్ళండి, వీధుల వెంట ఎన్ని రంగులుంటాయో చూడొచ్చు. ముట్టుకోకుండా చూడమని చెప్పడం మాత్రం మరవద్దు.

నాటడం

ఎండ. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. నీడలో చచ్చిపోదు, కానీ సన్నగా సాగి, ఆకులే తప్ప పూలుండవు. మా మొదటి ఏడాది ఓక్ చెట్టు కింద నాటిన రెండు మొక్కలు ఇప్పటికీ నాలుగు పూలు పూయడానికి బతిమాలించుకుంటాయి.

మన నేల బంకమట్టి. ఇక్కడివాళ్ళు గంబో అంటారు. మనం చూస్తే గుంటూరు నల్లరేగడికి చుట్టమే: తడిస్తే జిగురు, ఎండితే చెయ్యి దూరేంత నెర్రె. గన్నేరు దీన్ని భరిస్తుంది. కానీ వాగు నీరు పారిపోతుంది, మన పెరటి గుంటలో నీరు నిలుస్తుంది, తేడా అది. నెలల తరబడి నిలిచిన నీళ్ళలో వేరు కుళ్ళుతుంది. అందుకని గుంత లోతుగా కాదు, వెడల్పుగా తవ్వాలి. కుండీలో ఉన్న వేరు ముద్దకు రెండింతల వెడల్పు, లోతు మాత్రం ముద్దకు సమానంగానో, ఒక అంగుళం తక్కువగానో. పై అంచు చుట్టూ నేలకంటే కాస్త ఎత్తులో ఉండి, మట్టి గట్టులా వాలితే వాన నీరు పక్కకు జారుతుంది. తవ్విన మట్టినే తిరిగి నింపండి. గుంతలో మాత్రం ఖరీదైన సంచి మట్టి పోస్తే బంకమట్టి మధ్య అదొక తొట్టిలా తయారై నీరు అందులోనే ఆగుతుంది. ఇది మేము డబ్బు పెట్టి నేర్చుకున్న పాఠం.

పెద్ద రకాలు పది, పన్నెండు అడుగులు సునాయాసంగా పెరుగుతాయి, వదిలేస్తే ఇంకా ఎక్కువ. కంచె వెంట అయితే ఆరు నుంచి ఎనిమిది అడుగుల ఎడం ఉంచాలి. కిటికీ కింద, నడిచే దారి అంచున, ఊయల పక్కన వద్దు. పెటీట్ అని పేరున్న పొట్టి రకాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ చలికి తట్టుకోవడం తక్కువ. హార్డీ రెడ్, హార్డీ పింక్ అన్న పేర్లు చూసి కొంటే ఆ భయం కొంచెం తగ్గుతుంది. ఇక్కడ నాటడానికి మంచి సమయం అక్టోబరు. ఎండ తీవ్రత తగ్గి, చలి వచ్చేలోపు వేళ్ళు కుదురుకుంటాయి.

మొదటి ఏడాది పాదు చేసి వారానికి ఒకటి రెండు సార్లు లోతుగా తడపాలి. రోజూ కాసిని కాసిని పోస్తే వేళ్ళు పైపైనే తిరుగుతాయి. రెండో ఏడాది నుంచి, వాన లేక నెల దాటితే తప్ప మేము గొట్టం తీయం. ఎరువు సంగతి ఇంకా సులువు. ఫిబ్రవరి, మార్చిలో కొంచెం కంపోస్టు చాలు. లాన్‌కి వేసే నత్రజని ఎరువు దీనికి పడిందంటే లేత చిగురు గుబురుగా వస్తుంది, పూలు తగ్గుతాయి, పేనుబంకకు విందు జరుగుతుంది.

కత్తిరింపు విషయంలో మాలోనే రెండు పక్షాలున్నాయి. పూలు కొమ్మ చివర్లలో వస్తాయి కాబట్టి చివరలు తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువవుతాయనేది నిజం. ఎప్పుడు అన్నదే తగాదా. వేసవి చివర, ఒక విడత పూలయ్యాక తేలిగ్గా కత్తిరించి, సెప్టెంబరు నెలాఖరుకి కత్తెర లోపల పెట్టేయాలన్నది మా ఎక్కువమంది అనుభవం. ఆ తర్వాత కత్తిరిస్తే వచ్చే లేత చిగురు మొదటి మంచుకే మాడిపోతుంది. చలికాలం చివర గుండు కొట్టినట్టు నరికితే ఆ ఏడాది వసంతపు పూలు పోతాయి. మొదట్లో వచ్చే పిలకలను మాత్రం కత్తిరించకుండా లాగి పీకాలి. కత్తిరిస్తే ఒకటి పోయి మూడొస్తాయి.

2021 ఫిబ్రవరి

చెట్టు మొండితనం గురించి ఒక సంగతి చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఆ చలి ఎవరూ మరిచిపోలేదు. కరెంటు లేక, పైపులు పగిలి, దుప్పట్లు కప్పుకుని కార్లలో ఫోన్లు ఛార్జి చేసుకున్న రోజులు. ఫిబ్రవరి 16న హ్యూస్టన్ ఇంటర్‌కాంటినెంటల్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత 13 డిగ్రీల ఫారన్‌హీట్‌కి దిగింది. గన్నేరు 20 డిగ్రీల దగ్గరే ఆకులు మాడ్చుకుంటుంది. వారం తర్వాత గుడికి వెళ్ళి చూస్తే పన్నెండు మొక్కలూ గోధుమ రంగు చీపుర్లలా ఉన్నాయి. ఇవి పోయాయని తేల్చేసి, శనివారం ఉదయం నాలుగింటిని వేళ్ళతో సహా తవ్వేశాం. అయిదోదానికి వచ్చేసరికి నడుములు పట్టేసి, మిగతావి వచ్చే నెల చూద్దామని ఇంటికి పోయాం. మాలో ఎక్కువమంది రోజంతా స్క్రీన్ ముందు కూర్చునేవాళ్ళమే, ఆ రోజు ఆ బద్ధకమే చెట్లను కాపాడింది. ఏప్రిల్‌లో ఎనిమిదింటికి ఎనిమిదీ మొదట్లోంచి చిగురు వేశాయి. తవ్విన నాలుగూ అలాగే వచ్చేవేమో.

అందుకని చలి దెబ్బ తగిలాక ఓపిక పట్టాలి. కొమ్మ మీద గోటితో బెరడు కొంచెం గీకండి, చేతికి తొడుగు వేసుకుని చిన్న చాకుతో గీకితే ఇంకా మంచిది. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగు ఉంటే ఇంకాస్త కింద గీకి చూడండి. కొత్త చిగురు ఎక్కడి నుంచి వస్తుందో కనబడ్డాక, దానికి పైనున్న ఎండు భాగం తీసేయాలి. పైనంతా పోయినా మొదలు బతికి ఉండొచ్చు. పెద్ద చలి వస్తుందని ముందే తెలిస్తే మొదట్లో నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులో, మల్చో కప్పితే చాలు. కుండీల్లోవి గరాజులోకి జరపండి.

హిరోషిమా నగరం తన పువ్వుగా గన్నేరును ఎంచుకుంది. 1945 బాంబు తర్వాత ఆ నేలలో ముందుగా పూసిన మొక్కల్లో అదొకటి. మా ఎనిమిది చెట్లు చిగురించిన ఏప్రిల్‌లో ఈ సంగతి చదివి మేము కాసేపు మాట్లాడలేదు.

పురుగులు, తెగుళ్ళు

వసంతంలో లేత చిగుళ్ళ మీద పసుపు రంగు ఒళ్ళు, నల్ల కాళ్ళతో గుంపుగా పట్టేది పేనుబంక. చూడటానికి అసహ్యంగా ఉంటుంది గానీ చెట్టును చంపదు. గొట్టంతో నీళ్ళు గట్టిగా కొడితే సగం పోతుంది. మిగతా సగం కోసం ఆగండి. పరాన్నజీవి కందిరీగలూ, అక్షింతల పురుగుల్లాంటివీ వచ్చి పని చేస్తాయి. గోధుమ రంగులో ఉబ్బి, కదలకుండా ఉన్న పేనుబంక కనబడితే కందిరీగ వచ్చి వెళ్ళిందని అర్థం, అప్పుడు మందు కొడితే మన మిత్రుల్నే చంపుకున్నట్టు. నారింజ రంగు ఒంటి మీద నల్ల వెంట్రుకల కుచ్చులున్న గొంగళి పురుగు ఫ్లోరిడా వైపు ఎక్కువ. కనబడితే తొడుగులతో ఆ రెమ్మ కత్తిరించి పారేయండి.

నిజంగా భయపడాల్సింది ఆకు మాడు తెగులుకి. జైలెల్లా అనే బ్యాక్టీరియా నీరు పారే నాళాలను మూసేస్తుంది. ఆకురసం పీల్చే పురుగు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తుంది. 1990ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియాలో బయటపడి, అక్కడి గన్నేరు వరసల్ని చాలా పాడు చేసింది. నీరు చాలక మాడితే చెట్టంతా ఒకేలా వాడుతుంది. ఈ తెగులు మాత్రం ఒక కొమ్మతో మొదలై, ఆకుల కొనలూ అంచులూ నిప్పుతో కాల్చినట్టు మాడి, నీళ్ళు పోసినా తేరుకోదు. మందు లేదు. చెట్టు తీసేయడమే. అనుమానం వస్తే ఆ చెట్టు నుంచి మాత్రం ఎవరికీ కొమ్మ ఇవ్వకండి.

విషం సంగతి

ఓలియాండ్రిన్, దాని తోటి పదార్థాలు గుండె మీద పనిచేస్తాయి. ఆకు, పువ్వు, కాండం, వేరు, గింజ అన్నిట్లోనూ ఉంటాయి. ఎండితే పోదు, మరిగిస్తే పోదు. పూల కాడలు నిలవ ఉన్న నీళ్ళు కూడా తాగకూడదు. మొదట వికారం, వాంతులు, కడుపునొప్పి. తర్వాత గుండె నెమ్మదించడం, లయ తప్పడం. ఆస్పత్రుల్లో దీనికి వైద్యం ఉంది. గుండె జబ్బుకి వాడే డిజాక్సిన్ ఎక్కువైనప్పుడు ఇచ్చే విరుగుడే దీనికీ వాడతారు. కానీ వేళకు చేరాలి. పిల్లలు నమిలినట్టు అనుమానం వచ్చినా సరే, నోట్లో మిగిలింది తీసి, నోరు కడిగి, వెంటనే 1-800-222-1222కి ఫోన్ చేయండి. దేశమంతటా పాయిజన్ కంట్రోల్ నంబరు ఇదే, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, దుబాసీ సాయం కూడా అడగవచ్చు. ఇంట్లో అత్తమామలు, అమ్మానాన్నలు ఉంటే వాళ్ళ ఫోన్లలో కూడా ఈ నంబరు పెట్టండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే పాత పద్ధతి వద్దు. సొమ్మసిల్లినా, ఊపిరి కష్టమైనా 911. చెట్టు పేరు ఓలియాండర్ అని చెప్పండి, గన్నేరు అంటే వాళ్ళకు అర్థం కాదు. వీలైతే ఒక రెమ్మ సంచిలో వేసి తీసుకెళ్ళండి.

వాట్సాప్‌లో గన్నేరాకు వైద్యాలు తిరుగుతుంటాయి. కోవిడ్ మొదలైన 2020లో ఓలియాండ్రిన్‌ని ఆహార పూరకంగా అమ్ముకుంటామని ఒక కంపెనీ అడిగితే ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. అది చాలు మనకు.

ఊరి బయట ఎకరాల్లో ఇళ్ళు కట్టుకుని గుర్రాలో మేకలో పెంచుతున్నవాళ్ళు ఈ చెట్టు అసలు నాటకపోవడమే మంచిది. పచ్చిది పశువు ముట్టకపోవచ్చు గానీ, కత్తిరించి పడేసిన ఎండు ఆకు గడ్డిలో కలిస్తే తినేస్తుంది. కొమ్మలు పొయ్యిలోనూ, పెరటి మంటలోనూ వేయకూడదు, పొగ కూడా చెడ్డదే. హోమం సమిధల దగ్గరికి అసలే రానీయవద్దు. సంచిలో కట్టి చెత్తలో వేయడమే మా పద్ధతి.

మరి పూజ మాటేమిటి? 2024 మే నెలలో కేరళలో తిరువాన్కూరు దేవస్వం బోర్డు, మలబారు దేవస్వం బోర్డు తమ ఆలయాల్లో నైవేద్యం, ప్రసాదాల్లో గన్నేరు పూలు వాడటం ఆపేశాయి. తులసి, మల్లె, గులాబీ లాంటివి వాడుకోమన్నాయి. మన అర్చకస్వామి వారితో కూర్చుని మేమూ మాట్లాడాం. శివుడికి తెల్ల గన్నేరు, అమ్మవారికి ఎర్ర గన్నేరు మన ఇళ్ళలో ఆనవాయితీ కదా అని మాకే సందేహం. ఆయన నవ్వి, "భక్తుడి నోట్లోకి వెళ్ళేదేదీ స్వామికి వద్దు" అన్నారు. అలా కుదిరిన ఏర్పాటు ఇది. గన్నేరు మాల అలంకారానికి, అదీ విగ్రహం పైభాగాన, అర్చకస్వామి చేతుల మీదుగానే. అర్చన పళ్ళెంలో, తీర్థం పాత్రలో, అభిషేక జలంలో, ప్రసాదం దగ్గర గన్నేరు ఉండదు. ఇంటి నుంచి పూలు తెచ్చేవాళ్ళు గన్నేరు విడిగా సంచిలో ఇవ్వండి, మల్లెలతో కలపకండి. చవితి రోజు కరవీర పత్రం అర్చకస్వామి దగ్గరే ఉంటుంది. ఉమ్మెత్త, జిల్లేడు కూడా విషపు మొక్కలే కాబట్టి అవీ అక్కడే ఉంటాయి. పిల్లల బల్ల ఈసారీ ఉంది, కానీ ఈ మూడింటికీ రంగు ఫోటోలు మాత్రమే ఉంటాయి, ఫోటో కింద పెద్ద అక్షరాల్లో "చూడాలి, తాకకూడదు" అని ఉంటుంది. పూజ అయ్యాక పత్రి అంతా మేమే తీసి చేతులు కడిగించి, తర్వాతే ఉండ్రాళ్ళు పంచుతాం. ఆ అయిదు నిమిషాలు ఆగమని మనవి.

ఊయల వైపున్న రెండు చెట్లను ఈ వేసవిలో తీసేశాం. ఆ చోట మందారం పెట్టాం.

కొమ్మతో మొక్క

చివరగా, చాలామంది అడిగేది: "ఒక కొమ్మ ఇస్తారా?" ఇస్తాం. చాలా తేలిక. పెన్సిలు మందాన, ఆరు అంగుళాల కొమ్మ, మరీ లేతదీ ముదురుదీ కాకుండా. కింది ఆకులు తీసేసి, పైన మూడో నాలుగో ఉంచి, నీళ్ళలో నిలబెడితే మూడు నాలుగు వారాల్లో తెల్లటి వేళ్ళు వస్తాయి. రెండు మూడు రోజులకొకసారి నీళ్ళు మార్చాలి. గింజతో కూడా మొలుస్తుంది గానీ తల్లి రంగే వస్తుందని నమ్మకం లేదు. రసం చర్మానికి మంట పెడుతుంది, తొడుగులు వేసుకోండి, కత్తెర కడగండి.

ఆ నీళ్ళ గురించి ఒక్క మాట. మా ఇంట్లోనే మొదటిసారి వంటింటి కిటికీలో స్టీలు గ్లాసులో కొమ్మ పెట్టాం. పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ వచ్చిన మా నాన్నగారు కొమ్మ పక్కన పెట్టి, గ్లాసు ఎత్తి నోటి దాకా తీసుకెళ్ళారు. అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు లేచారు. అప్పటి నుంచి గరాజులో, మూత ఉన్న పాత పచ్చడి సీసాలో, మూతకు బెజ్జం పెట్టి, మీద ఎర్ర టేపు చుట్టి ఉంచుతున్నాం. తినే తాగే పాత్రల్లో ఎప్పుడూ పెట్టకండి.

కొమ్మలు సెప్టెంబరు మొదటి శనివారం ఉదయం 8 గంటలకు కత్తిరిస్తాం. ఎండ ముదరకముందే అయిపోతుంది. తొడుగులూ, సీసాలూ, ఎర్ర టేపూ మేమే తెస్తాం. ఇంట్లో అయిదేళ్ళ లోపు పిల్లలున్నా, ఆకులు నమిలే కుక్కపిల్ల ఉన్నా కొమ్మ ఇవ్వం, నొచ్చుకోవద్దు. మందారం మొక్కలు ఆరు సిద్ధంగా ఉన్నాయి, అవి తీసుకోండి.